పిల్లల పిప్పి పళ్ళు – పరిశోధనలు మనకు నేర్పినవి

"పాల పళ్ళే కదా సిస్టరు గారూ, ఎలాగూ ఊడిపోతాయి. వాటికి వైద్యం దేనికి?" పిల్లల ఓ.పి.లో ఈ మాట వినని వారం ఉండదు. తల్లులు అడుగుతారు, నాయనమ్మలు అడుగుతారు, బాగా చదువుకున్న తండ్రులు కూడా అడుగుతారు.

పాల పళ్ళు మొత్తం 20. ఆరో నెల ప్రాంతంలో మొలవడం మొదలై రెండున్నర, మూడేళ్ళకు పూర్తవుతాయి. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడిపోయే మాట నిజమే. కాని నమిలే దవడ పళ్ళు పది, పన్నెండేళ్ళ వరకు నోట్లో ఉండాలి. మూడేళ్ళ పిల్లవాడి దవడ పన్ను పిప్పి పట్టిందంటే, ఆ పంటితో వాడు ఇంకా ఏడెనిమిదేళ్ళు అన్నం తినాలన్నమాట. నొప్పి ఉన్న పిల్లవాడు ఒక వైపే నములుతాడు, గట్టి పదార్థాలు మానేస్తాడు, రాత్రి లేచి ఏడుస్తాడు. చీము పడితే బుగ్గ వాస్తుంది, జ్వరం వస్తుంది. ఆ చీము కింద దాగి ఉన్న శాశ్వత దంతపు మొలకను కూడా దెబ్బతీయవచ్చు. నొప్పి భరించలేక ముందే పీకిస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి జరుగుతాయి. తరువాత రావలసిన పన్నుకు చోటు చాలక అది వంకరగా వస్తుంది.

ఇది ఎక్కడో కొద్దిమందికి వచ్చే జబ్బు కాదు. భారత దంతవైద్య మండలి 2002–03లో జరిపిన జాతీయ సర్వేలో అయిదేళ్ళ పిల్లల్లో నూటికి దాదాపు 52 మందికి, పన్నెండేళ్ళ వారిలో దాదాపు 54 మందికి దంతక్షయం కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం పాల పళ్ళకు పిప్పి ఉన్న పిల్లలు ప్రపంచం మొత్తం మీద 51 కోట్లకు పైగా ఉన్నారు.

ఇంతమంది పిల్లలను కుర్చీలో పడుకోబెట్టి, ఇంజెక్షను ఇచ్చి, డ్రిల్లు పెట్టి పళ్ళు నింపడం ఏ దేశానికీ సాధ్యం కాలేదు. అందుకే పరిశోధకులు వేరే దారి వెతికారు. ఆ దారి అర్థం కావాలంటే పిప్పి ఎలా పుడుతుందో ముందు తెలియాలి.

పురుగు కాదు, పులుపు

పంటిలో పురుగు చేరి తొలిచేస్తుందని మన పెద్దల నమ్మకం. వాకుడు గింజల పొగ పట్టించి పురుగు రాల్చామని చూపించేవారు అక్కడక్కడా ఇప్పటికీ ఉన్నారు. పంటిలో అలాంటి పురుగు ఏదీ ఉండదు. ఉండేవి కంటికి కనిపించని సూక్ష్మక్రిములు.

బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు విల్లోబీ మిల్లర్ ఈ విషయాన్ని 1890లో ప్రకటించిన గ్రంథంలో వివరించాడు. పీకేసిన పళ్ళను రొట్టె, లాలాజలం కలిపిన మిశ్రమంలో వెచ్చగా ఉంచితే అవి మెత్తబడ్డాయి. మాంసంలో ఉంచితే మెత్తబడలేదు. అంటే నోటిలోని క్రిములు పిండిపదార్థాన్ని, చక్కెరను పులియబెట్టి ఆమ్లాన్ని తయారు చేస్తున్నాయి, ఆ ఆమ్లం పంటిని కరిగిస్తోంది. 1924లో లండన్‌లో క్లార్క్ అనే శాస్త్రవేత్త పిప్పి పళ్ళ నుండి ఒక క్రిమిని వేరుచేసి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అని పేరు పెట్టాడు. 1960లో పాల్ కీస్ హ్యామ్‌స్టర్ అనే చిన్న జంతువుల మీద పరిశోధించి, ఈ జబ్బు ఒక జంతువు నోటి నుండి మరొక దానికి అంటుతుందని నిరూపించాడు. మన పిల్లలకు ఈ క్రిమి ఎక్కువగా ఇంట్లో పెద్దల లాలాజలం ద్వారానే చేరుతుంది. కనుక తల్లి తన పళ్ళు బాగు చేయించుకోవడం కూడా బిడ్డకు చేసే మేలే.

1940లలో అమెరికాలో స్టీఫన్ అనే పరిశోధకుడు మరొక ముఖ్యమైన సంగతి కనిపెట్టాడు. తీపి నోట్లో పడిన కొద్ది నిమిషాలకే పంటి మీది పాచిలో పులుపు బాగా పెరుగుతుంది. అది తిరిగి మామూలు స్థితికి రావడానికి అరగంట నుండి గంట పడుతుంది. ఆ సమయంలో పంటి పైపొర నుండి కాల్షియం, ఫాస్ఫేటు కరిగి బయటకు పోతాయి. పులుపు తగ్గాక లాలాజలం వాటిని మళ్ళీ పంటికి అందిస్తుంది. కిరాణా కొట్టు ఖాతాలో అప్పు, జమ నడిచినట్లు మన నోట్లో రోజంతా ఇది నడుస్తూనే ఉంటుంది. అప్పు పెరిగి జమ తగ్గితే పంటి మీద ముందుగా సుద్దముక్క రాసినట్లు తెల్లటి మచ్చ వస్తుంది. రంధ్రం ఇంకా పడలేదు. ఈ దశలో పన్ను తిరిగి గట్టిపడగలదు. పరిశోధనలన్నింటికీ మూలం ఈ ఒక్క మాటే: పిప్పి ఒకే దిశలో సాగే జబ్బు కాదు, దాన్ని వెనక్కు తిప్పవచ్చు, మధ్యలో ఆపనూవచ్చు.

ఎంత తిన్నాడు అని కాదు, ఎన్నిసార్లు తిన్నాడు అని

తీపికి, పిప్పికి ఉన్న సంబంధాన్ని ఖచ్చితంగా తేల్చిన పరిశోధన స్వీడన్ దేశంలో లుండ్ పట్టణంలోని వీపెహోల్మ్ ఆసుపత్రిలో జరిగింది. 1945లో మొదలైంది. అది తీవ్రమైన మానసిక వైకల్యం ఉన్నవారిని ఉంచే సంస్థ. అక్కడి వారిని గుంపులుగా విడదీసి, కొందరికి భోజనంతో పాటు చక్కెర, కొందరికి తీపి రొట్టె, కొందరికి చాక్లెట్టు, మరికొందరికి పంటికి బాగా అతుక్కునేలా ప్రత్యేకంగా తయారుచేసిన టాఫీలు ఇచ్చారు. ఒక గుంపుకు రోజుకు 24 టాఫీలు. ఫలితాలు 1954లో వెలువడ్డాయి. భోజనంతో పాటు చక్కెర ఎక్కువగా తిన్నవారికి పిప్పి స్వల్పంగానే పెరిగింది. భోజనాల మధ్య, మాటిమాటికి టాఫీలు తిన్నవారి పళ్ళు మాత్రం దారుణంగా పాడయ్యాయి. టాఫీలు ఆపగానే కొత్త పిప్పి రావడం తగ్గింది.

ఈ ఫలితాన్ని నేను నర్సింగు విద్యార్థినులకు చెప్పే ప్రతిసారీ రెండో సగం కూడా చెబుతాను. ఆ రోగులు ఒప్పుకోలేదు. ఒప్పుకోగల స్థితిలో కూడా లేరు. పళ్ళు పాడవుతాయని అనుమానం ఉండి కూడా వారికి టాఫీలు పెట్టారు, ఖర్చులో కొంత మిఠాయి కంపెనీలు భరించాయి. ఈనాడు ఏ నైతిక కమిటీ కూడా అలాంటి ప్రయోగాన్ని అనుమతించదు, అనుమతించకూడదు. వారి నోళ్ళు చెల్లించిన ధరతో మనకు వచ్చిన జ్ఞానం అది. కనీసం దాన్ని వృథా చేయకుండా ఉందాం.

స్వీడన్ తల్లిదండ్రులు ఆ తరువాత ఒక అలవాటు చేసుకున్నారు. వారమంతా మిఠాయి లేదు, శనివారం ఒక్కరోజే. పిల్లలకు తీపి పూర్తిగా మాన్పించడం ఎవరి వల్లా కాదు గనుక ఇది తెలివైన ఏర్పాటే. మన ఇళ్ళలో జరిగేది దీనికి వ్యతిరేకం. పండుగకు భోజనంతో పాటు తిన్న రెండు అరిసెల గురించి తల్లి బాధపడుతుంది. కాని అంగన్‌వాడీకి వెళ్ళేటప్పుడు ఒక చాక్లెట్టు, పదిగంటలకు టీలో ముంచిన గ్లూకోజు బిస్కెట్టు, మధ్యాహ్నం కొట్టు నుండి జీడి, సాయంత్రం తాతయ్య తెచ్చిన లాలీపాపు, రాత్రి పంచదార కలిపిన పాలసీసా – వీటిని ఎవరూ లెక్కపెట్టరు. లెక్కపెడితే అయిదుసార్లు అయింది. ఒక్కోసారికి గంట చొప్పున ఆ పిల్లవాడి పళ్ళు రోజుకు అయిదు గంటలు పులుపులో నానుతున్నాయి.

వీటిలో రాత్రి పాలసీసా అన్నిటికంటే చెడ్డది. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, కడిగే నాథుడు ఉండడు. పై వరస ముందు పళ్ళు నాలుగూ ఒకేసారి నల్లబడి విరిగిన పిల్లలను చూస్తే, రాత్రి సీసా గురించి అడగకుండానే తెలిసిపోతుంది. పాలపీకను తేనెలో ముంచి నోట్లో పెట్టడం కూడా అంతే. పాపాయి ఏడాది దాటాక సీసా మాన్పించి గ్లాసు అలవాటు చేయండి. రాత్రి సీసా తప్పదనుకుంటే అందులో నీళ్ళు మాత్రమే ఇవ్వండి.

దగ్గు సిరప్పు, యాంటీబయాటిక్ సిరప్పు కూడా చాలావరకు తీపివే. మందు మానవద్దు. తాగించిన తరువాత రెండు గుక్కలు మంచినీళ్ళు పట్టించండి. మా వార్డు నర్సులు కూడా ఇది గుర్తుంచుకోవాలి.

ఫ్లోరైడు అంటే భయం

ఫ్లోరైడు అనగానే మన వాళ్ళు ఉలిక్కిపడతారు. అందుకు కారణం ఉంది. నీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకుపోతాయని మన దేశంలో మొదటగా వర్ణించింది 1937లో, నెల్లూరు జిల్లా రోగులను పరీక్షించిన షార్ట్ బృందం. నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు వంగిపోయిన నడుములు, వంకర తిరిగిన కాళ్ళు, గారపట్టిన పళ్ళు ఎన్ని తరాలను బాధించాయో మనకందరికీ తెలుసు. అలాంటి ఊరి నుండి వచ్చిన తల్లితో "ఫ్లోరైడు ఉన్న పేస్టు వాడమ్మా" అంటే ఆమె మనల్ని అనుమానంగా చూడడంలో తప్పు లేదు. ఆమెకు సరైన లెక్క చెప్పవలసిన బాధ్యత మనది.

విచిత్రమేమంటే, ఫ్లోరైడు మేలు బయటపడింది కూడా ఆ గారపళ్ళ వల్లనే. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడ పుట్టి పెరిగినవారి పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు. కాని ఆ మచ్చల పళ్ళకు పిప్పి మాత్రం తక్కువ. కారణం నీటిలో ఉందని అతడు ఊహించాడు గాని, అది ఏమిటో తేలడానికి 30 ఏళ్ళు పట్టింది. 1931లో ఒక అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త చర్చిల్ నీటిని పరీక్షించి ఫ్లోరైడు అని చెప్పాడు. తరువాత ట్రెండ్లీ డీన్ అనే ప్రభుత్వ దంతవైద్యుడు పట్టణం తరువాత పట్టణం పిల్లల పళ్ళు పరిశీలించి, లీటరు నీటికి సుమారు 1 మిల్లీగ్రాము ఉంటే గార పెద్దగా రాకుండా పిప్పి తగ్గుతుందని లెక్కకట్టాడు. 1945 జనవరి 25న గ్రాండ్ ర్యాపిడ్స్ నగరం ఆ లెక్క ప్రకారం నీటిలో ఫ్లోరైడు కలపడం ప్రారంభించింది. ఆ తరువాత అక్కడ పుట్టిన పిల్లల్లో పిప్పి 60 శాతానికి పైగా తగ్గింది.

మన దేశానికి ఆ పద్ధతి పనికిరాదు. మన సమస్య చాలాచోట్ల నీటిలోని ఫ్లోరైడును తీసివేయడమే గాని కలపడం కాదు. అయితే ఆ తరువాతి పరిశోధనల్లో మనకు ఉపయోగపడే సంగతి ఒకటి తేలింది. ఫ్లోరైడు పంటికి చేసే మేలు ప్రధానంగా పైనుండి తగలడం వల్లనే, మింగడం వల్ల కాదు. పంటి పైపొర మీద ఉన్న కొద్దిపాటి ఫ్లోరైడు, కరిగిన కాల్షియం తిరిగి చేరడానికి తోడ్పడుతుంది. అలా చేరిన పొర ముందుకంటే గట్టిగా ఉంటుంది. ఎముకలను పాడుచేసేది ఏళ్ళ తరబడి కడుపులోకి పోయే ఫ్లోరైడు.

ఇక లెక్క చూడండి. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడు 1000 పి.పి.ఎం. మించకూడదని నియమం. అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము. మూడేళ్ళలోపు బిడ్డకు బియ్యపుగింజ అంత పేస్టు చాలు. అందులో సుమారు 0.1 మిల్లీగ్రాము ఫ్లోరైడు ఉంటుంది, అంతా మింగేసినా అంతే. అదే లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరునీరు ఒక్క గ్లాసు తాగితే 0.8 మిల్లీగ్రాము లోపలికి పోతుంది. ఎనిమిది రెట్లు! కనుక ఫ్లోరైడు ఊరివారు ముందు మార్చవలసింది తాగే నీరు, వంట నీరు. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండడం మంచిది, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు. మీ ఊరికి మిషన్ భగీరథ నల్లా వచ్చినా ఇంకా బోరునీరే రుచిగా ఉందని తాగుతుంటే, గార భయంతో పేస్టు మాన్పించడంలో అర్థం లేదు.

మూడు నుండి ఆరేళ్ళ పిల్లలకు బఠాణీగింజ అంత పేస్టు. టీవీ ప్రకటనల్లో చూపించినట్లు బ్రష్షు నిండా వంకీ తిప్పి పెట్టవద్దు. రోజుకు రెండుసార్లు, ముఖ్యంగా రాత్రి పడుకునే ముందు. ఉమ్మివేయించండి. తరువాత నీళ్ళతో పదేపదే పుక్కిలించనవసరం లేదు, పంటి మీద మిగిలిన కొద్దిపాటి పేస్టే రాత్రంతా పనిచేస్తుంది. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా తల్లో తండ్రో తోమిపెట్టాలి, చిన్న చేతులకు వెనుక పళ్ళు అందవు. పేస్టు డబ్బా మీద ఫ్లోరైడు అని రాసి ఉందో లేదో చూసి కొనండి. కొన్ని మూలికల పేస్టులలో, పళ్ళపొడులలో అది ఉండదు. కొన్ని పిల్లల పేస్టులలో సగమే ఉంటుంది. వేపపుల్ల పాచిని తీస్తుంది గాని ఫ్లోరైడు ఇవ్వదు. ఇటుకపొడి, బొగ్గు, పొగాకు కలిసిన పొడులు పిల్లల దరికి రానివ్వవద్దు.

ఫ్లోరైడు పేస్టు వాడకం వల్ల పిల్లల్లో కొత్త పిప్పి సుమారు 24 శాతం తగ్గుతుందని కోక్రేన్ సంస్థ 2003లో అనేక పరిశోధనలను కలిపి లెక్కించింది. ఆరునెలలకోసారి డెంటల్ క్లినిక్‌లో పూసే ఫ్లోరైడు వార్నిషు గురించి అదే సంస్థ 2013లో పాల పళ్ళకు 37 శాతం, శాశ్వత దంతాలకు 43 శాతం తగ్గింపు అని చెప్పింది.

డ్రిల్లు లేని వైద్యం

రంధ్రం పడిపోయాక ఏమిటి? ఇక్కడే గత నలభై ఏళ్ళలో పెద్ద మార్పు వచ్చింది. 1980లలో టాంజానియాలో కరెంటు లేని పల్లెల కోసం ఫ్రెంకెన్ అనే డచ్చి దంతవైద్యుడు చేతి పరికరాలతోనే మెత్తబడిన భాగం గీకి, గ్లాస్ అయొనోమర్ అనే సిమెంటుతో నింపే పద్ధతి మొదలుపెట్టాడు. మత్తు ఇంజెక్షను చాలావరకు అవసరం పడదు. స్కాట్లండ్‌లో నోర్నా హాల్ అనే దంతవైద్యురాలు దవడ పాల పన్నును గీకకుండా, డ్రిల్లు పెట్టకుండా దాని మీద స్టీలు తొడుగు బిగించి వదిలేసేది. ఆమె పాత రికార్డులు పరిశీలిస్తే ఆ పళ్ళు బాగానే నిలిచాయని తేలింది. తరువాత జరిపిన పరీక్షల్లో కూడా ఆ తొడుగులు మామూలు ఫిల్లింగుల కంటే మెరుగ్గా నిలిచాయి. లోపల మూతపడిన క్రిములకు తీపి అందక పిప్పి ఆగిపోతుంది.

మన పల్లెలకు ఎక్కువగా పనికివచ్చేది మూడోది, సిల్వర్ డయామిన్ ఫ్లోరైడు. 1960ల చివర జపాన్‌లో ఒసాకా విశ్వవిద్యాలయంలో దీన్ని తయారుచేశారు. ఇందులో వెండి క్రిములను చంపుతుంది, ఫ్లోరైడు పంటిని గట్టిపరుస్తుంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో 375 మంది చిన్నపిల్లల మీద జరిపిన పరిశోధన 2002లో వెలువడింది. 38 శాతం ద్రావణాన్ని ఏడాదికి ఒక్కసారి పూసిన పిల్లల్లో, మూడు నెలలకోసారి మామూలు ఫ్లోరైడు వార్నిషు పూసినవారి కంటే ఎక్కువ పిప్పి పళ్ళు ఆగిపోయాయి. పూసే ముందు పిప్పిని గీకినా, గీకకపోయినా తేడా లేదు. ఏడాదికి రెండుసార్లు పూస్తే ఇంకా మేలని ఆ తరువాత తెలిసింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని, ఫ్లోరైడు పేస్టును, గ్లాస్ అయొనోమర్ సిమెంటును అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

న్యూయార్క్ నగర ప్రాథమిక పాఠశాలల్లో జరిగిన పరిశోధన (2023, 2024లో ప్రకటించారు) నాకు మరీ సంతోషం కలిగించింది. అక్కడ బడిలోనే పిల్లలకు ఈ మందు పూశారు. పూసినవారిలో రిజిస్టర్డు నర్సులు కూడా ఉన్నారు. వారు పూసిన పళ్ళు దంత సిబ్బంది పూసిన వాటికంటే వెనుకబడలేదు.

పని ఇలా ఉంటుంది. పంటిని తుడిచి, దూదితో ఆరబెట్టి, పెదవికి వాజలిన్ రాసి, చిన్న కుంచెతో ఒక చుక్క అద్ది నిమిషం పాటు ఉంచుతారు. నొప్పి లేదు. లోహపు రుచి కాసేపు ఉంటుంది. అరగంట ఏమీ తినకూడదు. ఒక్క ఇబ్బంది ఏమంటే, పిప్పి ఉన్న భాగం నల్లగా మారి అలాగే ఉండిపోతుంది. చర్మానికి అంటితే ఒకటి రెండు వారాల్లో పోతుంది గాని పంటి నలుపు పోదు. దీన్ని తల్లిదండ్రులకు ముందే చూపించి, ఒప్పుకున్న తరువాతనే పూయాలి. ఆడపిల్ల ముందు పళ్ళు నల్లబడితే ఎలా అని అమ్మమ్మలు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే. ముందు పళ్ళకు ఒద్దనుకుంటే వేరే మార్గాలున్నాయి. దవడ పళ్ళకైతే మాత్రం, మూడేళ్ళ బిడ్డను గట్టిగా పట్టుకుని డ్రిల్లు పెట్టించడం కంటే, మత్తిచ్చి ఆపరేషను థియేటరుకు తీసుకువెళ్ళడం కంటే ఆ నలుపే నయమని నా అభిప్రాయం.

అన్ని పళ్ళకూ ఇది పనికిరాదు. చిగురు మీద చీముపొక్కు, బుగ్గ వాపు, రాత్రిపూట తనంతట తానే వచ్చే నొప్పి – వీటిలో ఏది ఉన్నా నరం దాకా జబ్బు పోయిందని అర్థం. అప్పుడు దంతవైద్యుని దగ్గరకే వెళ్ళాలి. వాపుతో పాటు జ్వరం, మింగలేకపోవడం, కన్ను మూసుకుపోవడం ఉంటే ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకురండి. వెండి పడనివారికి, నోట్లో పుండ్లున్నప్పుడు కూడా ఈ మందు పూయరు.

బ్రిటన్‌లో మూడు నుండి ఏడేళ్ళ పిల్లలు 1,144 మంది మీద జరిగిన ఒక పరిశోధన 2020లో ముగింపుకు వచ్చింది. డ్రిల్లు పెట్టి నింపినా, గీకకుండా మూసివేసినా, కేవలం నివారణ పద్ధతులే పాటించినా, నొప్పి లేక చీము వచ్చినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అన్ని గుంపుల్లోనూ నూటికి 40 మందికి అటూఇటూగా ఆ బాధ తప్పలేదు. రంధ్రం పడ్డాక ఏ వైద్యమైనా ఆలస్యపు వైద్యమే అవుతోంది. అదే స్కాట్లండ్‌లో చిన్నపిల్లల బడుల్లో టీచర్ల పర్యవేక్షణలో రోజూ ఫ్లోరైడు పేస్టుతో తోమిస్తున్నారు. బడిలో చేరే వయసుకు పిప్పి కనిపించని పిల్లలు అక్కడ 2003లో నూటికి 45 మంది ఉండగా, 2020 నాటికి 70 మందికి పైగా అయ్యారు. మన అంగన్‌వాడీలో ఇరవై బ్రష్షులు, నెలకు రెండు పేస్టులు పెద్ద ఖర్చు కాదు.

ఇంట్లో చూసుకోవలసినవి రెండు. నెలకోసారి బిడ్డను ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి, వెలుతురులో పై పెదవి ఎత్తి చూడండి. చిగురు అంచున సుద్దలాంటి తెల్లగీత కనిపిస్తే అదే సమయం, నొప్పి వచ్చేదాకా ఆగవద్దు. రెండోది, ఆరో ఏట చివరి పాల పన్ను వెనుక ఏ పన్నూ ఊడకుండానే ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది, పైనా కిందా రెండేసి చొప్పున నాలుగు. అది కూడా పాల పన్నే అనుకుని చాలామంది పట్టించుకోరు. అది ముసలితనం దాకా ఉండవలసిన పన్ను. దాని గాడులు లోతుగా ఉంటాయి, కొత్తగా మొలిచిన ఏడాది రెండేళ్ళలోనే త్వరగా పిప్పి పడుతుంది. అది పూర్తిగా బయటకు రాగానే డెంటల్ క్లినిక్‌లో చూపించి, గాడులకు సీలెంటు వేయాలా అని అడగండి. వచ్చేటప్పుడు పిల్లవాడు వాడుతున్న పేస్టు డబ్బా, మీ తాగునీటి పరీక్ష కాగితం ఉంటే అది కూడా వెంట తెచ్చుకోండి.